ముందు ఖాళీ తక్కెడ చూపించండి

మొదటే చెప్పేస్తున్నా, ఇది తప్పు ఒప్పుకోవడానికి రాస్తున్న వ్యాసం.

పోయిన సెమిస్టర్‌లో మా నలుగురి టీమ్‌కి ప్రాజెక్ట్ ఎక్స్‌పోలో రెండో బహుమతి వచ్చింది. రొయ్యల చెరువులో నీళ్ళ లోపలికి వెలుతురు ఎంత దిగుతోందో కొలిచి, ప్లాంక్టన్ ఎక్కువైతే రైతు ఫోన్‌కి అలర్ట్ పంపే పరికరం మాది. స్లయిడ్ మీద పెద్ద పెద్ద అక్షరాలతో "ఆక్యురసీ 96 శాతం" అని వేశాం. జడ్జీలు ఆ స్లయిడ్ దగ్గర తలూపారు. "మీ సెన్సార్ నిజం చెబుతోందని మీకెలా తెలుసు?" అని మాత్రం ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే మా నలుగురిలో ఎవరి దగ్గరా జవాబు లేదు. అసలు అలాంటి ప్రశ్న ఒకటి ఉంటుందని కూడా మాకు తట్టలేదు.

ఆ ప్రశ్న అడిగింది మా మావయ్య. అడిగిన తీరు వేరు.

మావయ్యకి భీమవరం దగ్గర అయిదెకరాల రొయ్యల చెరువు ఉంది. దసరా సెలవుల్లో మా పరికరాన్ని ఆ చెరువులోనే పెట్టాం. ఒక థర్మోకోల్ తెప్ప, దాని పైన గాలిలో ఒక లైట్ సెన్సార్, తెప్ప కింద 30 సెంటీమీటర్ల లోతులో ఇంకో లైట్ సెన్సార్. రెండూ పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ డబ్బాల్లో, మీద తెల్లటి ప్లాస్టిక్ బిళ్ళతో. కింది రీడింగ్‌ని పై రీడింగ్‌తో భాగిస్తే నీళ్ళు ఎంత వెలుతురు మింగేశాయో తెలుస్తుంది. నీళ్ళు ఎంత మింగితే అంత ప్లాంక్టన్. ఇంతే మా ఐడియా.

చెరువు గురించి తెలియని వాళ్ళకి ఒక మాట. ప్లాంక్టన్ తగినంత ఉంటే రొయ్యకి మంచిది. పగలు అది ఆక్సిజన్ ఇస్తుంది. మరీ చిక్కబడితే మాత్రం రాత్రి అదే ఆక్సిజన్‌ని లాగేస్తుంది, తెల్లారేసరికి రొయ్యలు పైకి తేలతాయి. అందుకే రైతులు నలుపు తెలుపు రంగులేసిన గుండ్రటి రేకుని కర్రకి బిగించి నీళ్ళలోకి దించుతారు. రేకు ఎక్కడ కనబడకుండా పోయిందో అక్కడి లోతు కొలుస్తారు. 30, 40 సెంటీమీటర్ల మధ్య ఉంటే హాయి. 25 కంటే తగ్గితే కంగారు. మా పరికరం కూడా వెలుతురు లెక్కని ఈ సెంటీమీటర్లలోకి మార్చి చూపించేది, రైతుకి అర్థమయ్యే భాష అదే కాబట్టి.

పరికరం పెట్టిన పదో రోజు రాత్రి అలర్ట్ వెళ్ళింది. 22 సెంటీమీటర్లు. నేను హాస్టల్‌లో నిద్రపోతున్నా. మావయ్య లేచి, ఇంజన్ వేసి, తెల్లవార్లూ చెరువు నీళ్ళు కొంత తీసి కాలవ నీళ్ళు పెట్టాడు. డీజిల్ ఖర్చు ఒక ఎత్తు. కాలవ నీళ్ళతో రోగం కూడా రావచ్చన్నది ఇంకో ఎత్తు. అంతకుముందు పంట ఆయనకి తెల్లమచ్చ రోగంతోనే పోయింది. అయినా పెట్టాడు, ఎందుకంటే అల్లుడు ఇంజనీరింగ్ చదువుతున్నాడు, ఫోన్ ఎర్రగా చూపిస్తోంది.

అయిదు రోజులకి మళ్ళీ అలర్ట్. 21. ఈసారి మావయ్య గట్టు దిగి రేకు దించాడు. 36.

ఫోన్ చేసి, "ఏరా అల్లుడూ, నీ డబ్బాని ఎప్పుడైనా రేకు పక్కన పెట్టి చూశావా?" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. అందుకే ఇంకా బాధేసింది.

చూడలేదు. ఒక్కసారి కూడా చూడలేదు. మరి ఆ 96 శాతం ఏంటి? మా మోడల్ నిన్నటి రీడింగ్‌లు చూసి ఇవాళ్టి రీడింగ్ ఎంత వస్తుందో ఊహించేది. ఆ ఊహని మళ్ళీ అదే సెన్సార్ రీడింగ్‌తో పోల్చి 96 అన్నాం. అబద్ధం చెప్పేవాడు రేపు ఏ అబద్ధం చెబుతాడో బాగా కనిపెట్టాం, అంతే.

ఆ వారం ఇంటికెళ్ళి పరికరాన్ని బయటికి తీశాను. కింది డబ్బా మీద పాకుడు పట్టింది. తువ్వాలుతో తుడిస్తే రీడింగ్ ఒక్కసారిగా పెరిగింది. సరే, ఇదే తప్పు అనుకున్నా. కానీ తుడిచాక కూడా రేకుతో లెక్క కలవలేదు. తర్వాత చూస్తే థర్మోకోల్ తెప్ప నీడ కింది సెన్సార్ మీదే పడుతోంది. తెప్పకి ఒక కర్ర కట్టి సెన్సార్‌ని పక్కకి జరిపాం. ఇంకొంచెం దగ్గరయింది, అయినా పూర్తిగా కలవలేదు.

మూడో తప్పు హాస్టల్ బాత్‌రూమ్‌లో దొరికింది. ఖాళీ బకెట్ అడుగున డబ్బా పెట్టి, పైన బల్బు వేసి రీడింగ్ తీశా. అది 100 అనుకోండి. అదే బల్బు, అదే చోటు. డబ్బా మీద రెండు వేళ్ళ మందం నీళ్ళు పోశా. 71 అయింది. కుళాయి నీళ్ళు, శుభ్రంగా ఉన్నాయి. రెండు వేళ్ళ నీళ్ళు 29 శాతం వెలుతురు మింగడం అసాధ్యం. నీటి పైతలం వెనక్కి కొట్టేది ఏ రెండు శాతమో ఉంటుంది. మిగతాది ఎక్కడికి పోయింది?

దీని జవాబు కోసం వెతుకుతుంటేనే సముద్రంలో వెలుతురు కొలిచేవాళ్ళ ప్రపంచం కనబడింది. నేను బకెట్లో చూసిన దానికి వాళ్ళ దగ్గర ఒక పేరు ఉంది, ఇమ్మర్షన్ ఎఫెక్ట్. సంగతి ఇదీ. సెన్సార్ మీద ఉండే తెల్ల బిళ్ళ లోపలికి వెళ్ళిన వెలుతురు అటూ ఇటూ చెదురుతుంది. అందులో కొంత తిరిగి పైకి వెళ్ళి బయటపడాలని చూస్తుంది. బయట గాలి ఉంటే, ప్లాస్టిక్‌కీ గాలికీ వక్రీభవన గుణకంలో తేడా ఎక్కువ కాబట్టి చాలా వెలుతురు అంచు దగ్గర వెనక్కి తిరిగి మళ్ళీ సెన్సార్ వైపే వస్తుంది. బయట నీళ్ళుంటే ఆ తేడా తక్కువ, వెలుతురు సులువుగా నీళ్ళలోకి జారిపోతుంది. సెన్సార్‌కి అందేది తగ్గుతుంది. అంటే నీళ్ళలో వెలుతురు తగ్గకపోయినా, నీళ్ళలో ఉన్నందుకే పరికరం తక్కువ చూపిస్తుంది. బ్రిటన్, ఐర్లాండ్‌ల దగ్గర సముద్రంలో వెలుతురు కొలిచిన ఆట్కిన్స్, పూల్ అనే ఇద్దరు 1933 నాటికే దీన్ని పట్టించుకుని లెక్కలోకి తీసుకున్నారు. నేను 90 ఏళ్ళు ఆలస్యం.

నా మూడు తప్పులకీ సముద్రం వాళ్ళ దగ్గర పేర్లున్నాయి, పద్ధతులున్నాయి, విడివిడిగా పేపర్లున్నాయి. పాకుడుకి పేరుంది, నీడకి పేరుంది, బకెట్‌కి పేరుంది. అది చూశాక సిగ్గుతో పాటు కొంచెం ధైర్యం కూడా వచ్చింది. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

అసలు సముద్రంలో వెలుతురు కొలవడం ఎందుకు? భూమ్మీద జరిగే కిరణజన్య సంయోగక్రియలో దాదాపు సగం సముద్రంలోని కంటికి కనబడని ప్లాంక్టనే చేస్తుంది. దానికి కావాల్సింది వెలుతురు. నీళ్ళలో ఎరుపు రంగు పైపైన కొద్ది మీటర్లలోనే పోతుంది, నీలం మాత్రం లోతుకి దిగుతుంది. ప్లాంక్టన్‌లోని క్లోరోఫిల్ నీలాన్ని తినేస్తుంది. అందుకే ప్లాంక్టన్ తక్కువున్న సముద్రం నీలంగా, ఎక్కువున్నది పచ్చగా కనబడుతుంది. రంగుని సరిగ్గా కొలిస్తే ఆ నీళ్ళలో ఎంత ప్రాణం ఉందో తెలుస్తుంది.

మొదట్లో దీనికి పరికరం అంటే ఒక పళ్ళెం, ఒక తాడు, ఒక జత కళ్ళు. 1865లో ఆంజెలో సెక్కీ అనే ఇటలీ ఖగోళ శాస్త్రవేత్త పోప్ గారి ఓడలో మధ్యధరా సముద్రం మీదికెళ్ళి తెల్ల పళ్ళాలు దించి, ఎంత లోతులో మాయమవుతున్నాయో రాసుకున్నాడు. మావయ్య కర్రకున్న రేకు ఆ పళ్ళెం మనవరాలే. సెక్కీ డిస్క్ అంటే అదే. మా మైక్రోకంట్రోలర్‌నీ, క్లౌడ్ డాష్‌బోర్డ్‌నీ ఓడించింది 1865 నాటి టెక్నాలజీ.

తర్వాత శాటిలైట్లు వచ్చాయి. సముద్రం రంగు చూడటానికే ప్రత్యేకంగా చేసిన మొదటి శాటిలైట్ పరికరం పేరు కోస్టల్ జోన్ కలర్ స్కానర్. 1978లో నాసా నింబస్-7 మీద వెళ్ళింది. ఈ పని కుదురుతుందో లేదో చూద్దామని ఒక ఏడాది కోసం పంపారు. అది 1986 దాకా పనిచేసింది. ఇక్కడే నాకు బాగా నచ్చిన, భయపెట్టిన పాఠం ఉంది. అంతరిక్షంలో ఏళ్ళు గడిచేకొద్దీ ఆ పరికరం చూపు మందగించింది, ముఖ్యంగా నీలం రంగు దగ్గర. నీలం తగ్గినట్టు కనబడితే మనకి ఏమనిపిస్తుంది? సముద్రంలో ప్లాంక్టన్ పెరిగింది అనిపిస్తుంది. నిజంగా పెరిగిందా, లేక పరికరం కన్ను మసకబారిందా? పరికరం ఒక్కటే ఉంటే ఈ రెండిటికీ తేడా చెప్పలేం. దాన్ని సరిచూడటానికి సముద్రంలో ఏళ్ళ తరబడి నిలబడి కొలిచే ఏర్పాటు అప్పట్లో లేదు. మావయ్య చెరువులో పాకుడు పట్టిన డబ్బా కథే, కాకపోతే ఆకాశంలో.

శాటిలైట్‌కి ఇంకో కష్టం ఉంది. పై నుంచి సముద్రాన్ని చూసినప్పుడు దాని కంట్లో పడే వెలుతురులో నీళ్ళ లోపల్నుంచి వచ్చేది ఇంచుమించు పదో వంతే. మిగతాదంతా మధ్యలో ఉన్న గాలి, దుమ్ము చెదరగొట్టింది. అంటే శాటిలైట్ మొత్తం మీద అర శాతం తప్పు చేస్తే, సముద్రం వాటాలో అది అయిదు శాతం తప్పవుతుంది. లాబ్‌లో ఎంత జాగ్రత్తగా చేసి పంపినా అర శాతం నమ్మకంగా పట్టుకోవడం దాదాపు కుదరదు. కాబట్టి సముద్రంలోనే ఎక్కడో ఒకచోట, "ఇదిగో, ఇక్కడ నిజం ఇంత" అని చెప్పగలిగే సాక్షి కావాలి.

ఆ సాక్షి పేరు మోబీ. మెరైన్ ఆప్టికల్ బోయ్. హవాయిలో లనాయి దీవికి పడమట, సుమారు 1200 మీటర్ల లోతున్న నీళ్ళ మీద, 1997 నుంచి ఉంది. దాన్ని మొదలుపెట్టిన బృందానికి అమెరికా సంస్థ నోవాకి చెందిన డెనిస్ క్లార్క్ నాయకుడు. చూడటానికి నీళ్ళలో నిలువుగా తేలే పొడవాటి గొట్టం. దానికి పక్కలకి చాచిన చేతులుంటాయి, 1, 5, 9 మీటర్ల లోతుల్లో. ఒక్కో చెయ్యి చివర పై నుంచి దిగే వెలుతురునీ, కింద నుంచి పైకొచ్చే వెలుతురునీ పట్టుకునే కళ్ళు. ఆ వెలుతురు ఫైబర్ కేబుల్స్‌లో అడుగునున్న స్పెక్ట్రోగ్రాఫ్‌కి వెళ్తుంది. చేతులు ఎందుకు చాచారో నాకు వెంటనే అర్థమైంది. గొట్టం నీడ సెన్సార్ మీద పడకుండా! నేను తెప్పకి కర్ర కట్టిన పనినే వాళ్ళు డిజైన్‌లోనే పెట్టారు. అంత చేసినా కొంత నీడ మిగులుతుంది, దానికి వేరే లెక్క కట్టి సరిచేస్తారు.

చోటు ఎంచుకోవడం కూడా కాలిబ్రేషన్‌లో భాగమే. అక్కడ నీళ్ళు తేటగా, ఎటు చూసినా ఒకేలా ఉంటాయి. గాలి శుభ్రం. దీవి చాటున ఉండటం వల్ల అలల ఉధృతి తక్కువ. శాటిలైట్ ఒక పిక్సెల్‌లో చూసేదీ, బోయ్ ఒక బిందువు దగ్గర చూసేదీ ఒకటే అని ధైర్యంగా అనుకోవచ్చు.

అసలు విషయం అక్కడి దినచర్యలో ఉంది. బోయ్‌ని మూడు నాలుగు నెలలకోసారి ఒడ్డుకి తెస్తారు, దాని స్థానంలో ఇంకోదాన్ని పెడతారు. వెళ్ళేముందు ఒకసారి కాలిబ్రేట్ చేస్తారు, తిరిగొచ్చాక మళ్ళీ చేస్తారు. రెండూ కలవకపోతే మధ్యలో తీసిన డేటా మొత్తం అనుమానం కిందికొస్తుంది. మధ్యలో డైవర్లు నీళ్ళలోకి దిగి కళ్ళు తుడుస్తారు, నీళ్ళలోనే రిఫరెన్స్ దీపం వెలిగించి సెన్సార్ ఇంకా అదే మాట చెబుతోందా అని చూస్తారు. తుడవక ముందు రీడింగ్, తుడిచాక రీడింగ్, రెండూ రాసుకుంటారు. నేనేం చేశాను? తువ్వాలుతో తుడిచేశాను, తుడవక ముందు రీడింగ్ రాసుకోకుండా. పాకుడు ఎంత దొంగిలించిందో లెక్క ఇప్పటికీ నా దగ్గర లేదు.

ఒడ్డున లాబ్‌లో జరిగేది మరీ నిదానమైన పని. చీకటి గది. వెయ్యి వాట్ల హాలోజన్ దీపం, దాని వెలుతురు ఎంతో అమెరికా కొలతల సంస్థ నిస్ట్ ప్రమాణం దాకా లంకె ఉంటుంది. దీపానికీ సెన్సార్‌కీ మధ్య దూరం సాధారణంగా 50 సెంటీమీటర్లు. ఈ దూరంలో ఒక్క మిల్లీమీటర్ తేడా వస్తే రీడింగ్ 0.4 శాతం మారుతుంది. ఇది మనకి ఇంటర్‌లో చెప్పిన విలోమ వర్గ సూత్రమే, కావాలంటే మీరే కట్టి చూడండి. దీపానికి వెళ్ళే కరెంటు కొంచెం ఊగితే వెలుతురు ఇంకా ఎక్కువ ఊగుతుంది. తర్వాత సెన్సార్‌ని మూసి, చీకట్లో అది ఎంత చూపిస్తుందో చూడాలి. ఏ వెలుతురూ లేనప్పుడు సున్నా చూపించాలి కదా, కానీ చూపించదు. ఆ చీకటి రీడింగ్‌ని ప్రతిసారీ తీసెయ్యాలి. వెలుతురు ఏటవాలుగా పడినప్పుడు ఎలా చూపిస్తుందో కోణం కోణానికీ చూడాలి. ఇక ఇమ్మర్షన్‌కి నా బకెట్ లాంటి తొట్టే, కాకపోతే సరైనది. గాలిలో రీడింగ్ తీసి, తొట్టి నింపి, నీటి మట్టం కొంచెం కొంచెం మారుస్తూ రీడింగ్‌లు తీసి, లోతు సున్నా అయితే ఎంత ఉండేదో గీత గీసి పట్టుకోవాలి. అదీ ఒక్కో రంగుకీ విడివిడిగా. ఒకే మోడల్ పరికరాలు రెండున్నా రెండిటికీ విడిగా చెయ్యడమే మంచిది, ఎందుకంటే తెల్ల బిళ్ళలు కవల పిల్లలు కావు.

చీకటి రీడింగ్ గురించి చదివినప్పుడు మా అమ్మమ్మ గుర్తొచ్చింది. సంతలో కూరగాయలు కొనేటప్పుడు ఆవిడ మొదటి మాట ఎప్పుడూ ఒకటే: "ముందు ఖాళీ తక్కెడ చూపించవయ్యా." పళ్ళాలు రెండూ సమంగా నిలబడ్డాయని కళ్ళతో చూశాకే వంకాయలు వెయ్యనిచ్చేది. తర్వాత రాళ్ళ మీద తూనికలు కొలతల శాఖ ముద్ర ఉందా అని తిప్పి చూసేది. చదువు అయిదో తరగతి. జీరో ఆఫ్‌సెట్ ఒకటి, ప్రమాణంతో లంకె ఒకటి, రెండూ ఆవిడకి తెలుసు. నాకు తెలీదు. నేను ఇంగ్లీష్ మీడియంలో పన్నెండేళ్ళు చదివి, కాలిబ్రేషన్ అనే మాటకి స్పెల్లింగ్ నేర్చుకున్నా.

1997లో వెళ్ళిన సీవిఫ్స్ అనే శాటిలైట్ పరికరం ఖాళీ తక్కెడ కోసం చందమామ దగ్గరికి వెళ్ళింది. నెలకోసారి, పౌర్ణమి దరిదాపుల్లో, శాటిలైట్‌ని మొత్తంగా తిప్పి చంద్రుణ్ణి చూసేవాళ్ళు. చంద్రుడికి గాలి లేదు, ఉపరితలం మారదు. సూర్యుడి దూరం, కోణం లెక్కలోకి తీసుకుంటే వెలుగు ఎంత ఉండాలో చెప్పొచ్చు. అది తగ్గినట్టు కనబడితే తగ్గింది పరికరం చూపే. ఆ మార్పుని చంద్రుడు పట్టిస్తాడు, అసలు స్థాయిని మోబీ చెబుతుంది. మొదటి శాటిలైట్ నేర్పిన పాఠాన్ని వాళ్ళు మర్చిపోలేదు.

"సరే, ఇదంతా హార్డ్‌వేర్ వాళ్ళ గొడవ, మనం సీఎస్‌ఈ" అని మీరనుకుంటే, ఈ సంగతి వినండి. 2010లో కెనడాలోని డల్‌హౌసీ యూనివర్సిటీ పరిశోధకులు నేచర్ పత్రికలో ఒక పేపర్ వేశారు. 1899 నుంచి ఉన్న రికార్డులు కలిపి చూస్తే ప్రపంచ సముద్రాల్లో ప్లాంక్టన్ ఏడాదికి సుమారు 1 శాతం చొప్పున తగ్గుతోందని దాని సారాంశం. పెద్ద వార్త అయింది. మరుసటి ఏడాది అదే పత్రికలో వేరే శాస్త్రవేత్తలు ప్రశ్నలు వేశారు. పాత రికార్డుల్లో చాలా భాగం సెక్కీ పళ్ళెంతో తీసినవి, తర్వాతి వాటిల్లో నీళ్ళు పట్టి క్లోరోఫిల్ కొలిచినవి పెరుగుతూ వచ్చాయి. రెండు రకాల కొలతలని ఒకే కాలమ్‌లో కలిపితే, వాటి మధ్య ఉన్న స్థిరమైన తేడాయే కాలంతో పాటు వచ్చిన తగ్గుదలలా కనబడొచ్చు కదా అన్నారు. రచయితలు తమ లెక్కని సమర్థించుకున్నారు, జవాబులు రాశారు. ఎవరు గెలిచారో తీర్పు చెప్పే స్థాయి నాది కాదు. నాకు తగిలింది వేరే. రెండు సీఎస్వీ ఫైళ్ళని ఒక్క లైన్ కోడ్‌తో కలిపేయడం మనం వారానికి రెండుసార్లు చేస్తాం. వాటి వెనకున్న పరికరాలు ఒకటేనా అని ఎప్పుడైనా చూశామా?

అందుకే నా అభిప్రాయం సూటిగా చెబుతున్నా. మన కాలేజీలో, ఇంకా చాలా కాలేజీల్లో, సెన్సార్ ప్రాజెక్టులకి మార్కులు తప్పు చోట పడుతున్నాయి. డాష్‌బోర్డ్‌కి పడుతున్నాయి, మోడల్‌కి పడుతున్నాయి. కొలిచే వస్తువుని కొలిచారా అన్నదానికి సున్నా మార్కులు. మార్కులు లేని పని ఎవరూ చెయ్యరు, నేనూ చెయ్యలేదు.

దీనికి ఫ్రెండ్స్ చెప్పిన జవాబులు మూడు.

ఒకటి, "మనం నేర్చుకోడానికి చేస్తున్నాం, నాసా కాదు కదా." నిజమే. నేర్చుకోడానికే అయితే ఇది కూడా నేర్చుకుందాం. నా మూడు తప్పులూ పట్టుకోవడానికి అయిన ఖర్చు ఒక బకెట్, ఒక తువ్వాలు, ఒక రేకు. పైగా "నేర్చుకోడానికే" అన్న మాట మావయ్యకి మనం చెప్పలేదు. ఆయన చెరువులో పెట్టిన రోజునే అది ప్రాజెక్ట్ కాకుండా పోయింది.

రెండు, "మనకి అసలు విలువ అక్కర్లేదు, నిన్నటికీ ఇవాళ్టికీ మార్పు తెలిస్తే చాలు." ఇది వినడానికి తెలివిగా ఉంటుంది, నేను కూడా వైవాలో చెప్పేవాణ్ణే. కానీ పాకుడు రోజుకి కొంచెం కొంచెం పడుతుంది. అది మార్పులాగే ఉంటుంది. నీలం చూపు మందగించిన ఆ పాత శాటిలైట్‌ని గుర్తు తెచ్చుకోండి.

మూడు, "డేటా ఎక్కువ తీస్తే తప్పులు సర్దుకుంటాయి." అటూ ఇటూ ఊగే తప్పులు సర్దుకుంటాయి. ఒకే వైపు లాగే తప్పు సర్దుకోదు. పళ్ళెం కింద చింతపండు అంటించిన తక్కెడతో వెయ్యిసార్లు తూచినా తూకం సరవదు, ఆ తప్పు మీద మన నమ్మకం పెరుగుతుంది.

ఇది హవాయి గొడవ కూడా కాదు. హైదరాబాద్‌లోనే ఇన్‌కాయిస్ ఉంది. శాటిలైట్ల నుంచి వచ్చే సముద్రపు ఉష్ణోగ్రత, క్లోరోఫిల్ చూసి, చేపలు ఎక్కడ దొరికే అవకాశం ఉందో మత్స్యకారులకి సూచనలు ఇస్తుంది, తెలుగులో కూడా. సముద్రం రంగు చూసే మన సొంత పరికరాలు 1999లో ఓషన్‌శాట్-1తో మొదలై, 2022 నవంబర్‌లో వెళ్ళిన ఓషన్‌శాట్-3 దాకా వచ్చాయి. వాటిని సరిచూడటానికి లక్షద్వీప్‌లో కవరత్తి దగ్గర మన వాళ్ళు కూడా సముద్రంలో ఆప్టికల్ బోయ్ పెట్టారు. కాకినాడలోనో, విశాఖలోనో ఒక బోటు ఆ సూచన చూసి ఎటు వెళ్ళాలో నిర్ణయించుకుంటే, డీజిల్ వాళ్ళది, రాత్రంతా సముద్రం మీద ఉండేది వాళ్ళు. ఆ మ్యాప్‌లో పచ్చగా ఉన్న ఒక్కో చుక్క వెనకాల ఎవరో ఒకరు దీపానికీ సెన్సార్‌కీ మధ్య మిల్లీమీటర్లు కొలిచి ఉండాలి. లేకపోతే ఆ పచ్చదనానికి అర్థం లేదు. మనలో కొందరం రేపు అలాంటి మ్యాపులు తయారుచేసే కోడే రాస్తాం.

మా డిపార్ట్‌మెంట్‌కి, ప్రాజెక్ట్ రివ్యూలు పెట్టే క్లబ్బులకి నా విన్నపం ఒక్క పేజీ. సెన్సార్ ఉన్న ప్రతి ప్రాజెక్ట్ రిపోర్టులో ఆక్యురసీ పేజీ కంటే ముందు ఒక పేజీ ఉండాలి. ఏ ప్రమాణంతో పోల్చారు? ఎక్కడ వాడతారో అక్కడే పోల్చారా, టేబుల్ మీదేనా? మూసి చూస్తే ఎంత చూపించింది? పెట్టకముందు, తీశాక రీడింగ్ ఒకటేనా? తప్పు ఎంత ఉండొచ్చు? అయిదే ప్రశ్నలు. "చెయ్యలేదు" అని రాసినా ఫర్వాలేదు, అదైనా నిజం. ఆ పేజీ ఖాళీగా ఉంటే మాత్రం తర్వాతి స్లయిడ్‌కి వెళ్ళొద్దు.

ఇప్పుడు మా పరికరం మళ్ళీ మావయ్య చెరువులోనే ఉంది, కానీ అలర్ట్‌లు ఆపేశాం. రోజూ మధ్యాహ్నం మావయ్య రేకు దించి సెంటీమీటర్లు వాట్సాప్‌లో పంపుతున్నాడు. నేను మా రీడింగ్ పక్కన నోట్‌బుక్‌లో రాస్తున్నా. తుడవక ముందు ఒకటి, తుడిచాక ఒకటి. నిన్నటికి 41 జతలయ్యాయి. తేడా తగ్గింది గానీ పోలేదు. మేఘం పట్టిన రోజుల్లో ఎందుకో ఇంకా ఎక్కువ తప్పుతోంది, కోణాల గొడవ అనుకుంటున్నా, ఇంకా పరీక్షించాలి. ఆక్యురసీ ఎంత అని అడిగితే ఇప్పుడు చెప్పడానికి నా దగ్గర అంకె లేదు.

ఆ సర్టిఫికెట్ ఇంకా నా రూమ్‌లోనే ఉంది. మా గైడ్ సార్‌కి ఈ సంగతంతా చెప్పాను. వచ్చే ఎక్స్‌పోలో మా స్టాల్ దగ్గరికొస్తే, ముందు ఖాళీ తక్కెడ చూపించమని అడగండి. తర్వాత పక్క స్టాల్‌లో కూడా అడగండి.